చూడని సరుకు, చెప్పిన మాట: పాత బొమ్మల పత్రికల ఆన్‌లైన్ వర్తకంలో తగవులు

క్రయవిక్రయాలకు ప్రాణం ఉభయుల ఇష్టం. విషయం తెలిసి ఒప్పుకున్నప్పుడే దాన్ని ఇష్టం అనవచ్చు. తాను ఏమి కొంటున్నాడో ఎరుగకుండా "సరే" అన్నవాడిది ఆశ మాత్రమే. సంతలో ఈ చిక్కు తక్కువ. మార్కాపురంలో పలక కొనేవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి, అంచులు తడిమి చూసి, ఆ తర్వాతే డబ్బు తీస్తాడు. సరుకు తన సంగతి తానే చెప్పుకుంటుంది కనుక అమ్మేవాడు మౌనంగా ఉన్నా పెద్ద నష్టం లేదు.

ఫోనులో ఫొటో చూసి, వందల మైళ్ళ దూరం నుండి డబ్బు పంపేవాడి స్థితి వేరు. సరుకు చేతికి వచ్చేవరకు అతని దగ్గర ఉన్నదల్లా అమ్మేవాడి మాట. ఆ మాట సరిగా లేకపోతే పార్సెలు విప్పిన క్షణంలోనే తగవు పుడుతుంది. పాత కథల పత్రికలు, బొమ్మల కథల పుస్తకాల అమ్మకాలలో ఈ చిక్కు చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఇలాంటి తగవులను ఇస్లామీయ ధర్మశాస్త్రం ఏ సూత్రాల మీద తీరుస్తుంది, మన దేశపు చట్టం ఏమంటుంది, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్న విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. సరుకు స్వభావం

తెలుగునాట పాత పత్రికలు సేకరించేవారు మొదట వెతికేది "చందమామ" సంచికలను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసు నుండి దీనిని ప్రారంభించారు. 1952 నుండి 1980లో మరణించే వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దీని సంపాదకత్వ భారం వహించారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గార్ల బొమ్మలు దీనికి రూపం ఇచ్చాయి. 1998లో ఆగి, 1999 చివర మళ్ళీ మొదలై, 2007లో ముంబయి కంపెనీ ఒకదాని చేతికి వెళ్ళి, 2010ల తొలి సంవత్సరాలలో దీని ముద్రణ నిలిచిపోయింది. ఇక కొత్త సంచిక రాదు కనుక ఉన్న పాత సంచికలకు గిరాకీ ఏర్పడింది. 1964 నుండి 1990 వరకు టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ వెలువరించిన ఇంద్రజాల్ కామిక్స్, 1967లో మొదలైన అమర చిత్ర కథ తొలి ముద్రణలు కూడా ఈ కోవలోనివే.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకున్న తరాలే ఈ పత్రికలు చదివాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి ఊళ్ళలో ఏ పాత ఇంటి అటక మీదనైనా గుడ్డలో చుట్టిన చందమామల కట్ట ఒకటి దొరికితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకప్పుడు అది తూకానికి పోయేది. కాస్త తెలిసినవారైతే హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాటి పాత పుస్తకాల బజారు దాకా మోసుకెళ్ళేవారు. నేడు ఇంట్లోని కుర్రవాడు నాలుగు ఫొటోలు తీసి, ఫేస్‌బుక్ బృందంలోనో వాట్సాప్‌లోనో పెడితే గంటలో కొనేవాడు దొరుకుతాడు. కొనేవాడు విశాఖపట్నంలో ఉండవచ్చు, అమెరికాలోని డల్లాస్‌లోనూ ఉండవచ్చు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ పత్రికల కథలు చదువుకోవడానికి స్కాన్ చేసిన ప్రతులు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. అందువల్ల సేకర్త కొనేది కథను కాదు, కాగితాన్ని. అట్ట ఉన్నదా, పిన్నులు తుప్పు పట్టాయా, మధ్య పేజీ ఊడిందా, ఎవరైనా పేరు రాసుకున్నారా అన్న వాటి మీదనే ధర ఆధారపడి ఉంటుంది. పాశ్చాత్య దేశాలలో ఈ లెక్క శాస్త్రంగా మారింది. అమెరికాలో 1970లో ఓవర్‌స్ట్రీట్ ధరల సూచిక వెలువడింది. 2000 సంవత్సరంలో సి.జి.సి. అనే సంస్థ పుస్తకాలను పరీక్షించి పదికి మార్కులు వేసి, పెట్టెలో సీలు చేసి ఇవ్వడం ప్రారంభించింది. 2025 నవంబరులో 1939 నాటి సూపర్‌మాన్ మొదటి సంచిక ప్రతి ఒకటి 91 లక్షల 20 వేల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. కాలిఫోర్నియాలో ముగ్గురు సోదరులకు తల్లి మరణానంతరం ఇంటి అటక మీద పాత వార్తాపత్రికల కింద దొరికిన ప్రతి అది. దానికి వచ్చిన మార్కులు పదికి తొమ్మిది.

తెలుగు పత్రికలకు అలాంటి పరీక్షా సంస్థ లేదు, ఆ ధరలూ లేవు. పరీక్షకుడు లేని చోట ఆ బాధ్యత మొత్తం అమ్మేవాడి నోటి మీద పడుతుంది.

2. చూడని వస్తువును అమ్మవచ్చునా?

ధర్మశాస్త్రం "గరర్"ను, అంటే ఒక పక్షాన్ని చీకట్లో ఉంచే బేరాన్ని నిషేధిస్తుంది. నీటిలోని చేప, ఆకాశంలోని పక్షి దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు. చూడని వస్తువు సంగతి ఏమిటి? షాఫయీ ధర్మవేత్తల ప్రబలమైన అభిప్రాయం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. హనఫీ ధర్మవేత్తలు దీనిని చెల్లుతుందంటారు, కానీ కొనేవాడికి "ఖియారె రూయత్" అనే హక్కు ఇస్తారు. చూసిన తర్వాత ఉంచుకోవడమో, తిప్పి పంపడమో అతని ఇష్టం. వస్తువును చూడకముందే ఈ హక్కును వదులుకున్నానని అతడు అన్నా ఆ మాట చెల్లదు. చూడనిదాని గురించి మనసు ఎలా నిర్ణయిస్తుంది?

ఈ సూత్రానికి ఆధారంగా హిదాయా వంటి హనఫీ గ్రంథాలు సహాబీల కాలపు ఒక ఉదంతాన్ని పేర్కొంటాయి. హజ్రత్ ఉస్మాన్ (ర) దూరాన ఉన్న తన భూమిని హజ్రత్ తల్హా (ర)కు అమ్మారు. ఇద్దరిలో ఎవరూ ఆ భూమిని చూడలేదు. మీరు నష్టపోయారని ఎవరో తల్హా (ర)తో అంటే, చూడకుండా కొన్నాను కనుక రద్దు చేసుకునే హక్కు నాకుందని ఆయన జవాబిచ్చారు. ఉస్మాన్ (ర)తోనూ అదే మాట అంటే, చూడకుండా అమ్మాను కనుక ఆ హక్కు నాదేనని ఆయన చెప్పారు. ఇద్దరూ జుబైర్ బిన్ ముత్ఇమ్ (ర)ను మధ్యవర్తిగా ఎన్నుకున్నారు. హక్కు కొన్నవాడిదే, అమ్మినవాడిది కాదని ఆయన తీర్పు చెప్పారు.

నేటి అమ్మకందారుకు ఈ తీర్పులో పాఠం ఉన్నది. అటక మీది కట్టను సరిగా చూడకుండా తక్కువ ధరకు అమ్మి, అందులో అపురూపమైన తొలి సంచిక ఉన్నదని తర్వాత తెలిస్తే, "చూసుకోలేదు, తిరిగి ఇవ్వండి" అనే హక్కు అతనికి లేదు. తన వస్తువును తాను తెలుసుకోవలసిన భారం అతనిదే.

దూరాన ఉన్నవారి మధ్య బేరం ఎప్పుడు ఖాయమవుతుందన్నది మరో ప్రశ్న. 1990లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ ఆరవ సమావేశం ఉత్తరం, తంతి, టెలెక్స్, ఫాక్స్, కంప్యూటరు తెర ద్వారా జరిగే ఒప్పందాలను పరిశీలించింది. ఒకరి ప్రతిపాదన రెండవవారికి చేరి, వారు అంగీకరించినప్పుడు ఒప్పందం ఏర్పడుతుందని తీర్మానించింది. కనుక ధరతో సహా ఫొటో పెట్టి, మొదట అడిగినవాడికి "మీకే" అని జవాబిచ్చిన తర్వాత, ఇంకొకడు ఎక్కువ ఇస్తానన్నాడని మాట మార్చడం తగదు. ఒకరి బేరం మీద మరొకరు బేరం చేయడాన్ని హదీసులు స్పష్టంగా వారించాయి. వేలంలో తన మనుషుల చేత ఉత్తుత్తి పాటలు పాడించి ధర పెంచడాన్ని "నజష్" అంటారు. అదీ నిషిద్ధమే.

తన దగ్గర లేనిదాన్ని అమ్మడం కూడా ఈ బృందాలలో కనిపించే తప్పు. ఎవరో పెట్టిన ఫొటో తీసుకుని, ముందు డబ్బు పుచ్చుకుని, ఆ తర్వాత ఆ పుస్తకం కోసం వెతకడం దీని పద్ధతి. అడిగినవాడికి బజారు నుండి తెచ్చి అమ్మవచ్చునా అని హకీమ్ బిన్ హిజామ్ (ర) అడిగినప్పుడు, దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని మహాప్రవక్త (స) చెప్పిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది.

3. ఏది లోపం?

తగవులలో అధిక భాగం ఈ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869, 1876 సంవత్సరాల మధ్య క్రోడీకరించిన "మజల్లా" తన 338వ అధికరణంలో దీనికి సూటి జవాబు ఇచ్చింది. ఆ వస్తువు సంగతి తెలిసినవారి దృష్టిలో ధరను తగ్గించేది ఏదైనా లోపమే. అమ్మేవాడి అభిప్రాయం కాని, కొనేవాడి అభిప్రాయం కాని దీనికి కొలత కాదు. ఆ వర్తకం తెలిసినవారి మాటే కొలత.

బైండు పుస్తకాల సంగతి చూద్దాం. పూర్వం అనేక కుటుంబాలు ఏడాది సంచికలు పన్నెండింటినీ కలిపి బైండు చేయించేవి. బైండరు అంచులు సమంగా కత్తిరించేవాడు. ఒక్కోసారి అట్టలు తీసేసేవాడు. చదివే పిల్లవాడికి ఇది మేలే, పేజీ ఊడదు. సేకర్త దృష్టిలో అంచు తెగిన ప్రతి, అట్ట లేని ప్రతి విలువ కోల్పోయినవి. ఒకే వస్తువు ఒకరికి గుణం, మరొకరికి లోపం. చిరిగిన చోట సెల్లో టేపు అంటించడమూ ఇలాంటిదే. ఇంటివారు దాన్ని జాగ్రత్త అనుకుంటారు. కొన్నేళ్ళకు ఆ జిగురు గోధుమరంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుంది కనుక సేకర్త దాన్ని గాయం అంటాడు.

మరి అమ్మేవాడు ఏమి చేయాలి? వాసిలా బిన్ అస్ఖా (ర) అనే సహాబీ ఉదంతం దారి చూపుతుంది. ఆయన ఇంటి దగ్గర ఒక ఒంటె అమ్ముడుపోయింది. కొన్నవాడు తోలుకుపోతుండగా ఆయన పరుగున వెంట వెళ్ళి, మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసం కొన్నావా అని అడిగారు. హజ్ ప్రయాణానికి అని అతడు చెప్పగా, దీని డెక్కకు కన్నం ఉన్నది, దూరం నడవలేదని తెలియజేశారు. నా బేరం చెడగొట్టారని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. వస్తువులోని లోపాన్ని తెలుపకుండా అమ్మడం ఎవరికీ తగదనీ, తెలిసిన ఇతరులు దాచడమూ తగదనీ ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆయన బదులిచ్చారు.

ఇందులో రెండు సూత్రాలున్నాయి. లోపాన్ని తెలుసుకోవడానికి ముందు కొనేవాడి ఉద్దేశాన్ని తెలుసుకోవాలి. మాంసానికైతే కన్నపు డెక్క లోపం కాదు. "చదవడానికా, దాచుకోవడానికా?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే పాత పుస్తకాల తగవులలో పెద్ద భాగం పుట్టకముందే పోతుంది. రెండవది, చెప్పే బాధ్యత అమ్మేవాడితో ఆగదు. బృందాన్ని నడిపేవాడు, మధ్యవర్తి, తెలిసిన తోటి సభ్యుడు కూడా దానిలో భాగస్థులే.

ఇక ఫొటో సంగతి. ఒంటె లేక మేక పొదుగును కొన్నాళ్ళు పిండకుండా ఆపి, పాలు పుష్కలంగా ఉన్నట్లు చూపి అమ్మడాన్ని ప్రవక్త (స) వారించారు. అలా మోసపోయినవాడికి తిప్పి ఇచ్చే హక్కు కల్పించారు. అమ్మినవాడు నోటితో అబద్ధం ఆడలేదు, పొదుగు చేత ఆడించాడు. మంచి అట్ట ఒక్కదానిని వెలుతురులో తీసి, వెనక అట్ట మీది నీటి మరకను ఫొటోలోకి రానీయకపోవడం దీనికి భిన్నం కాదు. కొత్త పునర్ముద్రణను, రంగు జిరాక్సు అట్టను అసలుదిగా చూపడం మాత్రం లోపాన్ని దాచడంతో పోదు. అక్కడ అమ్మింది వేరే వస్తువు.

4. తగవులు, తీర్పులు

ఫిఖ్హ్ గ్రంథాల ఆనవాయితీ ప్రకారం అమ్మినవాడిని జైద్ అనీ, కొన్నవాడిని అమ్ర్ అనీ పిలుచుకుందాం. జైద్ మార్కాపురంలో, అమ్ర్ విశాఖపట్నంలో ఉన్నారనుకుందాం.

మొదటి తగవు: పుస్తకం చెప్పినట్లు లేదు. మధ్య పేజీ లేదు. అమ్ర్ పుస్తకాన్ని ఉంచుకుని, సగం డబ్బు వెనక్కి పంపమంటాడు. హనఫీ మతం ప్రకారం అతనికి రెండు దారులే ఉన్నాయి. పూర్తి ధరకు ఉంచుకోవాలి లేదా తిప్పి పంపి పూర్తి డబ్బు తీసుకోవాలి. ధర తగ్గింపు జైద్ ఒప్పుకుంటేనే. తిప్పి పంపడం వీలుకానప్పుడు, ఉదాహరణకు అమ్ర్ దగ్గర పుస్తకానికి మరో కొత్త లోపం ఏర్పడినప్పుడు, ధరలో తేడా అడిగే హక్కు వస్తుంది. హంబలీ ధర్మవేత్తలు మొదటి నుండే తేడా అడగవచ్చునన్నారు. లోపం తెలిసిన తర్వాత అమ్ర్ అదే పుస్తకాన్ని మరొకరికి అమ్మజూపితే, అతడు లోపాన్ని అంగీకరించినట్లే. ఇక తిప్పి పంపే హక్కు లేదు.

రెండవ తగవు: పన్నెండు సంచికల కట్టలో ఒకటి చెడ్డది. కట్ట చేతికి అందిన తర్వాత, విడదీస్తే నష్టం లేని వస్తువులైతే చెడ్డదాన్ని మాత్రం దాని వాటా ధరకు తిప్పి ఇవ్వవచ్చు. విడదీస్తే విలువ పోయేవైతే అన్నీ ఉంచుకోవాలి, లేదా అన్నీ తిప్పాలి. దీనికి ధర్మవేత్తలు చెప్పే ఉదాహరణ చెప్పుల జత. అక్కడొకటి ఇక్కడొకటిగా ఏరిన పన్నెండు సంచికలు మొదటి రకం. "1955 సంపూర్ణ సంవత్సరం" అని చెప్పి అమ్మినది చెప్పుల జత వంటిది.

మూడవ తగవు: "ఉన్నది ఉన్నట్లే, తిరిగి తీసుకోబడదు" అని జైద్ ముందే రాశాడు. హనఫీ మతంలో ఇలాంటి షరతు చెల్లుతుంది. అయితే తెలిసిన లోపాన్ని ఈ షరతు కింద దాచవచ్చునా? ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో దీనికి దృష్టాంతం ఉన్నది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (ర) లోపాల బాధ్యత తనది కాదన్న షరతు మీద ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. కొన్నవాడు జబ్బు ఉన్నదని ఫిర్యాదు చేశాడు. జబ్బు తెలియకుండానే అమ్మానని ప్రమాణం చేయమని ఖలీఫా ఉస్మాన్ (ర) ఆదేశించారు. ఇబ్నె ఉమర్ (ర) ప్రమాణానికి సమ్మతించక బానిసను వెనక్కి తీసుకున్నారు. కోలుకున్న తర్వాత అతనిని 1500 దిర్హములకు అమ్మారు. ఆ తీర్పు ప్రకారం షరతు రక్షించేది ఎరుగనివాడినే.

నాల్గవ తగవు: ఈ చిరుగు ఎవరి దగ్గర పడింది? ఆరోపించేవాడు సాక్ష్యం చూపాలి, కాదనేవాడు ప్రమాణం చేయాలి. ఇది సాధారణ సూత్రం. అయితే కొన్ని లోపాలు తమకు తామే సాక్ష్యం. పుట్టుకతో వచ్చిన ఆరవ వేలు కొన్నవాడి ఇంట్లో మొలవదని ధర్మవేత్తలు ఉదాహరణ చెప్పారు. పురుగు తిన్న కన్నాలు, పిన్నుల చుట్టూ తుప్పు మరక, పేజీల పసుపు రంగు మూడు రోజులలో ఏర్పడవు. అవి జైద్ దగ్గర నుండి వచ్చినవే. కొత్తగా చిరిగిన తెల్లని అంచు, మడత పడిన మూల ఎక్కడైనా జరిగి ఉండవచ్చు. అక్కడ సాక్ష్యం కావాలి. అమ్ర్ తన దగ్గరి పాడైన ప్రతిని తిప్పి పంపి, మంచి ప్రతిని ఉంచుకున్నాడని జైద్ అంటే దానికీ ఇదే వర్తిస్తుంది. పంపే ముందు ప్రతి పేజీ గుర్తులు ఫొటో తీసి ఉంచుకున్నవాడు సాక్ష్యం ఉన్నవాడు.

అయిదవ తగవు: దారిలో తడిసింది. హనఫీ సూత్రం ప్రకారం సరుకు కొనేవాడి చేతికి గాని, అతని ప్రతినిధి చేతికి గాని చేరేవరకు నష్టం అమ్మినవాడిదే. అందుచేత కొరియరు ఎవరి ప్రతినిధి అన్నది ముఖ్యం. అమ్ర్ తానే ఏర్పాటు చేసిన కొరియరైతే అప్పగించినప్పుడే అమ్ర్‌కు అందినట్లు. జైద్ తన ఇష్టాన పంపితే జైద్ భారం. ఈ సంగతి ముందే తేల్చుకోకపోవడం వల్ల స్నేహితులు సైతం శత్రువులవుతున్నారు.

ఆరవ తగవు: చదివి, స్కాన్ చేసుకుని, "నచ్చలేదు" అని తిప్పి పంపడం. పొదుగు కట్టిన జంతువు హదీసులో తిప్పి ఇచ్చేవాడు పిండుకున్న పాలకు బదులుగా ఒక సాఅ ఖర్జూరాలు కూడా ఇవ్వాలని ఉన్నది. ఆ పరిహారం విషయంలో హనఫీ ధర్మవేత్తలు భిన్నంగా ఆలోచించినా, అందులోని నీతి అందరికీ అర్థమయ్యేదే. మోసపోయినవాడికి సైతం వాడుకున్నదాని విలువ గుర్తుండాలని హదీసు నేర్పుతున్నప్పుడు, మోసపోనివాడు ఊరకే వాడుకుని తిప్పడం ఎలా న్యాయమవుతుంది?

ఏడవది అన్నింటికన్నా బరువైనది. ఆ పుస్తకాలు జైద్‌వేనా? తండ్రి మరణించిన తర్వాత అటక మీది కట్ట వారసులందరిది. అక్కచెల్లెళ్ళ వాటా అందులో ఉన్నది. "పాత కాగితాలే గదా" అని ఒక్కడే అమ్మితే, తన వాటా మేరకే అమ్మకం చెల్లుతుంది. మిగతావారి వాటా వారి సమ్మతి మీద ఆగి ఉంటుంది. తూకానికి పోయే కాగితమైతే ఎవరూ పట్టించుకోరు. ధర పలికిన నాడే అక్క తన చిన్ననాటి పుస్తకాన్ని గుర్తుచేసుకుంటుంది, ఆమె కోపం న్యాయమైనదే. ఫొటో పెట్టడానికి ముందు ఇంటివారికి ఒక్క ఫోను చేయడం ధర్మం.

5. దేశ చట్టం

మన దేశంలో ఈ వ్యవహారాలకు మూడు చట్టాలు వర్తిస్తాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 17వ సెక్షను వివరణలో, కేవలం మౌనం మోసం కాదంటుంది. చెప్పవలసిన బాధ్యత ఉన్న పరిస్థితిలోనే, లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడే అది మోసం. ఇక్కడ షరీఅత్ ఒక మెట్టు పైన నిలుస్తుంది. తెలిసిన లోపాన్ని చెప్పడం ఎప్పుడూ బాధ్యతే.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం, 15వ సెక్షనులో, వర్ణన ప్రకారం అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని శాసిస్తుంది. ఇది అటక ఖాళీ చేసేవాడికీ వర్తిస్తుంది. అదే చట్టం 39వ సెక్షను ప్రకారం రవాణాదారుకు అప్పగిస్తే సామాన్యంగా కొన్నవాడికి అప్పగించినట్లే. అయితే సరుకు స్వభావానికి తగిన రవాణా ఏర్పాటు చేయవలసింది అమ్మినవాడే. వానాకాలంలో పాత కాగితాన్ని పలుచని కవరులో పెట్టి పంపినవాడు ఈ రక్షణ ఆశించలేడు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. కొద్ది రోజులకే ఈ-కామర్స్ నియమాలు వెలువడ్డాయి. వీటి ప్రకారం వేదిక మీద అమ్మేవాడు లోపభూయిష్టమైన, నకిలీ అయిన, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును తిరిగి తీసుకోనని అనరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. క్రమం తప్పకుండా వ్యాపారంగా కాక, స్వంత హోదాలో ఎప్పుడో ఒకసారి అమ్మే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. అటక మీది కట్ట ఒకటి అమ్మడం వేరు, ఊరూరా తిరిగి కొని నెలనెలా అమ్మడం వేరు.

చిన్న ఊళ్ళ అమ్మకందారులు గమనించవలసిన అంశం మరొకటి. ఈ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే చోటనే జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. అంటే మార్కాపురంలో వర్తకంగా అమ్మేవాడు విశాఖపట్నంలో జవాబు చెప్పుకోవలసి రావచ్చు. తగవు పుట్టిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుండే దాఖలు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. డబ్బు పుచ్చుకుని అసలు పుస్తకమే పంపకుండా మాయమైనవాడి సంగతి తగవు కాదు, నేరం. అలాంటప్పుడు ఆలస్యం చేయక 1930కి తెలపాలి.

ఒకప్పటి ఈబే ఇండియాలో కొన్నవాడి డబ్బును సంస్థ తన దగ్గర ఉంచి, సరుకు చేరిన తర్వాతే అమ్మినవాడికి ఇచ్చేది. ఆ వేదిక 2018 ఆగస్టులో మూతపడింది. నేడు యూపీఐ ద్వారా నేరుగా డబ్బు పంపే బేరాలలో అలాంటి మధ్యవర్తి లేడు. ఉభయులకూ తెలిసిన నమ్మకస్తుడి దగ్గర డబ్బు అమానత్‌గా ఉంచడం ఆ లోటు తీర్చగలదు.

6. ముగింపు

పైన చెప్పిన తీర్పులన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. పార్సెలు విప్పిన తర్వాత జరిగే వాదం ఆలస్యంగా వచ్చినది. ఫొటో పెట్టిన నాడే, వర్ణన రాసిన నాడే తగవు పుట్టిందో లేదో నిర్ణయమైపోయింది. తెలిపి అమ్మిన లోపం కొన్నవాడిది, దాచి అమ్మిన లోపం అమ్మినవాడిది. ఈ ఒక్క గీత తెలిస్తే మిగతావన్నీ వివరాలే.

కనుక అమ్మేవాడు నాలుగు పనులు చేయాలి. చదవడానికా దాచుకోవడానికా అని అడగాలి. మంచిని ఒక ఫొటోలో చూపితే చెడ్డను రెండింటిలో చూపాలి. రవాణా నష్టం ఎవరిదో, ఎన్ని రోజులలో తిప్పవచ్చునో ముందే రాయాలి. బేరాలలో తరచు మోసపోయే హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (ర)కు ప్రవక్త (స) మూడు రోజుల గడువు ఇచ్చిన ఉదంతం ఈ షరతుకు పునాది. చివరగా, కొన్నవాడు పశ్చాత్తాపపడి బతిమాలితే, హక్కు లేకపోయినా బేరం రద్దు చేయడాన్ని "ఇఖాలా" అంటారు. అలా సడలించినవాడి తప్పులను అల్లాహ్ మన్నిస్తాడని హదీసు శుభవార్త ఇస్తున్నది.

కొనేవాడికీ బాధ్యత ఉన్నది. అందిన వెంటనే విప్పి చూడాలి, లోపం ఉంటే వెంటనే చెప్పాలి, ఉన్న లోపాన్ని పెంచి చెప్పరాదు. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, ఉన్నది బయటపెడితే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందనీ తెలిపే హదీసును ఉల్లేఖించినది, దగ్గర లేనిది అమ్మవచ్చునా అని అడిగిన ఆ హకీమ్ బిన్ హిజామ్ (ర) గారే. ఆయన స్వయంగా వర్తకుడు.